ఒక గది, ఒక అక్క: బాలికల క్లబ్బులకు అందిన విరాళాల ఫలితంపై పరిశీలన

1. ప్రశ్న

విరాళాలు అందితే బాలికల సంఘాలు ఎదుగుతాయన్నది చూడగానే నమ్మబుద్ధేసే మాట. కాబట్టే కాబోలు, దాన్ని నిలబెట్టి పరీక్షించినవారు తక్కువ. ముందుగా తేల్చుకోవలసింది ‘ఎదుగుదల’ అన్న మాటకు అర్థం. దానికి కనీసం మూడు అర్థాలు కనిపిస్తున్నాయి: (అ) క్లబ్బుల సంఖ్య పెరగడం, (ఆ) వాటికి నిజంగా వచ్చే బాలికల సంఖ్య పెరగడం, (ఇ) వచ్చిన బాలిక బతుకులో మార్పు రావడం. మొదటిదానికి ఖర్చుల పద్దు చాలు. రెండోదానికి హాజరుపట్టీ కావాలి. మూడోదానికి ఈ రెండూ చాలవు. క్లబ్బు పెట్టిన ఊరిని, అన్నివిధాలా అలాంటిదే అయి క్లబ్బు లేని మరో ఊరితో పోల్చి చూడాలి. మొదటి రకం లెక్కను చూపించి మూడో రకం ఫలితం వచ్చిందనడం తరచుగా జరుగుతుంది. ఇక్కడి జాగ్రత్త అంతా ఆ పొరపాటు జరగకుండా చూడడం కోసమే.

పరిశీలనను ప్రధానంగా ఒకే కుటుంబానికి చెందిన క్లబ్బులకు పరిమితం చేయడమైనది. అవి బంగ్లాదేశ్‌లో పుట్టిన బ్రాక్ సంస్థ నడిపిన కిశోర బాలికల క్లబ్బులు. వీటిని ఎంచుకోవడానికి కారణం అవి అన్నిటికన్నా గొప్పవని కాదు. ఒకే నమూనాను పలు దేశాల్లో నడిపి, ఆ మూడో రకం కొలత తీసుకున్నారు. పైగా ఆ కొలతలన్నీ ఒకే మాట చెప్పలేదు. పరిశోధకుడికి పనికొచ్చేది ఈ రెండో సంగతే.

2. మూలాలు

బ్రాక్ ఆరంభం 1972. బంగ్లాదేశ్ విమోచన యుద్ధం ముగిసి, శరణార్థులు తిరిగి ఊళ్లకు చేరుతున్న రోజులు. స్థాపకుడు ఫజ్లే హసన్ అబేద్ (1936–2019) లండన్‌లోని తన ఫ్లాటు అమ్మి, ఆ సొమ్ముతో ఈశాన్య ప్రాంతంలోని సుల్లాలో సహాయ కార్యక్రమం మొదలుపెట్టారన్న వృత్తాంతం సుప్రసిద్ధం. ఆ లెక్కన సంస్థకు తొలి విరాళం స్థాపకుడిదే. విదేశీ సంస్థల సాయం తర్వాత వచ్చి కలిసింది.

బాలికల క్లబ్బుల మొదలు ఎక్కడ అన్నదానికి ఒకే జవాబు లేదు. 1985లో బ్రాక్ అనియత పాఠశాలలు ప్రారంభించింది. వాటిలో చదువు ముగించిన ఆడపిల్లలు ఇంటికి పరిమితమై, నేర్చిన చదువు మరిచిపోతున్నారని గమనించి 1993లో వారికోసం పఠన కేంద్రాలు తెరిచినట్లు సాధారణంగా చెబుతారు. వాటినే మూలంగా తీసుకుంటే, క్లబ్బు పుట్టుక చదువు నిలుపుకోవడం కోసం. అలాకాక, జీవన నైపుణ్యాలు, చేతివృత్తుల శిక్షణ, కొంతమందికి సూక్ష్మ రుణం కలిపి 2000 తర్వాతి దశకంలో రూపొందించిన ‘ఎలా’ (కిశోర బాలికల సాధికారత, జీవనోపాధి) కార్యక్రమాన్ని మూలంగా తీసుకుంటే, దాని పుట్టుక సంపాదన కోసం. ఇది తేదీల తగాదాగా కనిపించవచ్చు గానీ, ఏ ఫలితాన్ని వెతకాలో నిర్ణయించేది ఇదే. పఠన కేంద్రాన్ని ఆదాయంతో కొలవడం ఎంత అన్యాయమో, ఉపాధి కార్యక్రమాన్ని హాజరుతో కొలవడం అంతే అన్యాయం. రెండు కథనాల్లోనూ ఉమ్మడిగా ఉన్నవి మాత్రం రెండు: పిల్లలు కూర్చోవడానికి ఒక చోటు, వారికన్నా కాస్త పెద్దదైన ఒక అమ్మాయి.

3. ఉగాండాలో జరిగిన ప్రయోగం

బ్రాక్ 2006లో ఉగాండాలో అడుగుపెట్టింది. 2008లో ప్రాథమిక సర్వే చేసి, 150 ప్రాంతాలను ఎంచుకున్నారు. లాటరీ పద్ధతిలో 100 చోట్ల క్లబ్బులు పెట్టి, 50 చోట్ల పెట్టకుండా వదిలారు. ఆ వదిలిన యాభైలోని పిల్లల గురించి ఆలోచిస్తే మనసుకు కష్టం కలగక మానదు. అయితే అన్నిచోట్లా ఒకేసారి పెట్టగల డబ్బు లేనప్పుడు, ఎవరికి ముందు అన్నది పలుకుబడిని బట్టి కాక లాటరీని బట్టి తేలడం అంతకన్నా న్యాయమనే చెప్పాలి.

క్లబ్బు స్వరూపం ఇది: 14 నుంచి 20 ఏళ్ల బాలికలకు ప్రవేశం. వారానికి ఐదు రోజులు, బడి వదిలే వేళకు తెరుస్తారు. ఆ వేళయితే చదివే పిల్లలూ చదువు మానిన పిల్లలూ రాగలరు. నడిపేది అదే ఊరి యువతి. ఆమెకు కొద్దిపాటి పారితోషికం. బోధించేవాటిలో రుతుక్రమం, గర్భధారణ, హెచ్ఐవీ, కుటుంబ నియంత్రణ, బాల్య వివాహంపై చట్టం ఏమంటుందన్న అంశాలున్నాయి. కుట్టుపని, కేశాలంకరణ, కోళ్ల పెంపకం, కంప్యూటరు వంటి వృత్తులు మరోవైపు. పాటలు, ఆటలు, నాటికలు సరేసరి. సగం క్లబ్బుల్లో రుణ సౌకర్యం కూడా జోడించారు గానీ, దాన్ని వాడుకున్నవారు చాలా కొద్దిమంది.

డబ్బు విషయంలో ఒక తేడా గుర్తించాలి. క్లబ్బును నడపడానికి ఇచ్చే సొమ్ము వేరు, దాని ఫలితాన్ని కొలవడానికి ఇచ్చే సొమ్ము వేరు. పరిశోధకులు కృతజ్ఞతలు తెలిపిన సంస్థల్లో నైకీ ఫౌండేషన్, మాస్టర్‌కార్డ్ ఫౌండేషన్, యూనిసెఫ్, బ్రిటన్ ప్రభుత్వ అభివృద్ధి శాఖ, ప్రపంచ బ్యాంకులోని ఒక నిధి కనిపిస్తాయి. దాతలే కొలతకూ సాయపడితే ఫలితం దాతకు అనుకూలంగా వస్తుందేమోనన్న సందేహం సహజం. ఈ సందేహాన్ని కొట్టిపారేయలేం. అలాగని రుజువైనట్టూ కాదు. ఇదే నమూనాపై ఇదే పరిశోధక వర్గం ప్రతికూల ఫలితాన్ని కూడా ప్రకటించింది (6వ అంశం చూడండి). సందేహాన్ని కొంత తగ్గించేది అదే.

4. ఒకే ప్రయోగం, మూడు అంకెలు

ఉగాండా ఫలితాలు ఒకేసారి బయటికి రాలేదు. 2012 నాటి తొలి ప్రతి, ఆ తర్వాతి ముసాయిదా, 2020లో అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ పత్రికలో అచ్చయిన తుది వ్యాసం ఉన్నాయి. వీటి సారాంశాలను పక్కపక్కన పెట్టి చదివితే కొంత కలవరం కలుగుతుంది.

(అ) సంపాదన. ఏదో ఒక ఆదాయ పనిలో ఉన్న బాలికలు తొలి ప్రతి ప్రకారం 35 శాతం, తర్వాతి ముసాయిదా ప్రకారం 72 శాతం, తుది వ్యాసం ప్రకారం 48 శాతం పెరిగారు.

(ఆ) ఇష్టం లేని లైంగిక సంబంధానికి గురయ్యామన్నవారు తొలి ప్రతిలో 76 శాతం తగ్గారు. తర్వాతి ముసాయిదాలో తగ్గుదల దాదాపు సగం. తుది వ్యాసంలో మూడో వంతుకు దగ్గర.

(ఇ) చిన్న వయసులో గర్భం మొదటి రెండిటిలో 26 శాతం తగ్గగా, తుది వ్యాసంలో మూడో వంతుకు మించి తగ్గింది.

తప్పు ఎవరిదని తొందరపడేముందు రెండు సంగతులు చూడాలి. మొదటిది కాలం. తొలి రెండు ప్రతులు రెండేళ్ల తర్వాతి స్థితిని చెబితే, తుది వ్యాసం నాలుగేళ్ల తర్వాతి స్థితిని చెబుతుంది. కొన్ని ఫలితాలు కాలంతో పలచబడతాయి, కొన్ని చిక్కబడతాయి. గర్భధారణ విషయంలో ఫలితం బలపడి, బలాత్కారం విషయంలో కొంత తగ్గడం అసంగతం కాదు. రెండోది శాతాల స్వభావం. తుది వ్యాసంలోని 48 శాతం వెనక ఉన్న అసలు పెరుగుదల 4.9 పాయింట్లు. అంటే నూటికి సుమారు పదిమంది సంపాదిస్తున్న చోట పదిహేనుమంది అయ్యారు. పునాది చిన్నదైనప్పుడు కొద్ది తేడా కూడా పెద్ద శాతంగా కనిపిస్తుంది. ఆరంభంలోని స్థాయితో పోల్చారా, అదే సమయంలో క్లబ్బు లేని ఊళ్లతో పోల్చారా అన్నదాన్ని బట్టి కూడా ఆ శాతం మారిపోతుంది.

కాబట్టి ఈ మూడింటిలో ఏ అంకెను ఎత్తి చూపినా అది అబద్ధం కాదు. ఏ ఒక్కదాన్ని ఒంటరిగా చూపినా అది పూర్తి నిజమూ కాదు. ఎంచుకోక తప్పకపోతే, పండితుల సమీక్ష దాటిన 2020 నాటి అంకెలే ఎక్కువ నమ్మదగినవి. వాటి ప్రకారం నూరుమందిలో అదనంగా ఐదుగురు స్వయంగా సంపాదించడం మొదలుపెట్టారు. పెద్ద శాతాల ముందు ఇది చిన్నగా కనిపించవచ్చు. ఆ ఐదుగురి ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

5. రానివారి లెక్క

క్లబ్బు పెట్టిన ప్రాంతాల్లో అర్హత గల బాలికల్లో వచ్చినవారు సుమారు 21 శాతం. పై ఫలితాలు వచ్చినవారివి మాత్రమే కావు, ఆ ప్రాంతపు బాలికలందరి సగటు. రానివారిని కూడా కలుపుకొని సగటు కట్టినా తేడా కనిపించిందంటే, వచ్చినవారిలో మార్పు గట్టిదై ఉండాలి, లేదా వారు విన్నది స్నేహితురాళ్ల చెవిన వేసి ఉండాలి. రెండూ కొంత కొంత జరిగి ఉండవచ్చు.

తలసరి ఖర్చు లెక్క కూడా ఈ 21 మీదే ఆధారపడుతుంది. మొత్తం ఖర్చును అర్హులందరి మీదా పంచితే ఒక అంకె వస్తుంది. వచ్చినవారి మీదే పంచితే అది దాదాపు ఐదు రెట్లవుతుంది. విరాళం అడిగే కరపత్రంలో ‘ఒక్క బాలికకు ఇంత’ అని కనిపించినప్పుడు, ఏ బాలికను లెక్కించారో చూడకుండా రెండు సంస్థలను పోల్చడం సరికాదు.

6. ప్రతికూల సాక్ష్యం

ఇంతవరకు చెప్పినదానికి ఎదురు నిలిచే ఆధారాలు రెండున్నాయి. వీటిని పక్కన పెట్టి రాసే వ్యాసం పరిశోధన అనిపించుకోదు.

మొదటిది టాంజానియా. ఉగాండాలో పనిచేసిన నమూనానే అక్కడా పెట్టారు. సంస్థ అదే, కొలిచే పద్ధతీ దాదాపు అదే. 2017లో ప్రపంచ బ్యాంకు ప్రచురించిన అధ్యయనంలో పొదుపు వంటి కొన్ని విషయాలు తప్ప, ఉగాండాలో కనిపించిన ప్రధాన ఫలితాలేవీ కనిపించలేదు. పరిశోధకులు వేలు చూపించింది అమలు మీద, వనరుల కొరత మీద, ముఖ్యంగా క్లబ్బులకు తగిన చోటు, సామగ్రి సమకూరకపోవడం మీద. ఈ వివరణ జరిగినదాన్ని వెనుదిరిగి చూసి ఇచ్చినదే తప్ప విడిగా పరీక్షించి తేల్చినది కాదు. రెండు దేశాల మధ్య వేరే తేడాలూ ఉన్నాయి. అయినా, పాఠాలు ఉండి చోటు సరిగా లేని చోట ఫలితం రాలేదన్నది తేలికగా తీసుకోదగిన సంగతి కాదు. బోధన పుస్తకాలు అచ్చువేయించడానికి ఇచ్చేంత ఉత్సాహంగా దాతలు గది కోసం ఇవ్వరు. అద్దె, తలుపు, తాళం, పైకప్పు వంటివి ఏ కరపత్రంలోనూ అందంగా కనిపించవు.

రెండోది బంగ్లాదేశ్, అంటే ఈ ఆలోచన పుట్టిన నేల. అయితే ఈ క్లబ్బులు బ్రాక్‌వి కావు, సేవ్ ద చిల్డ్రన్ నడిపినవి. ఆరు నెలల సాధికారత కార్యక్రమాన్ని ఒకవైపు, పెళ్లి వాయిదా వేస్తే కుటుంబానికి వంటనూనె ఇచ్చే పథకాన్ని మరోవైపు పెట్టి పోల్చారు. 2023లో అచ్చయిన ఫలితం ప్రకారం, రెండేళ్లు నూనెకు అర్హత పొందిన బాలికల్లో బాల్య వివాహం 19 శాతం తగ్గింది. సాధికారత కార్యక్రమం వల్ల పెళ్లి వయసు మారలేదు. అంటే ఉగాండాలో తగ్గించగలిగిన చిన్న వయసు పెళ్లిళ్లను క్లబ్బు బంగ్లాదేశ్‌లో తగ్గించలేకపోయింది. పెళ్లి నిర్ణయం బాలికది కాక తల్లిదండ్రులదీ సంబంధం చూసేవారిదీ అయినచోట, బాలికకు ఎంత చెప్పినా ఆమె చేతిలో లేని పనిని ఆమె ఎలా మార్చగలదు? ఇది ఊహే గానీ, పరిశోధకుల వాదన కూడా సంబంధాలు కుదిరే తీరు చుట్టూనే తిరుగుతుంది. తెలుగు జిల్లాల్లో పెళ్లిచూపుల సంగతి ఎరిగినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

7. సియెర్రా లియోన్

చివరి ఆధారం అనుకోకుండా దొరికినది. సియెర్రా లియోన్‌లో 200 గ్రామాలను ఎంచి, వాటిలో 150 చోట్ల క్లబ్బులు పెట్టే ప్రయోగానికి 2014 ఆరంభంలో ప్రాథమిక సర్వే పూర్తయింది. కొద్ది నెలల్లోనే ఎబోలా దేశమంతా పాకింది. బడులన్నీ మూతపడ్డాయి. ఉపాధి శిక్షణను కొలవాలనుకున్న పరిశోధకులు, 2016లో తిరిగి వెళ్లేసరికి మరో ప్రశ్నకు జవాబు కొలవవలసి వచ్చింది: బడి లేని నెలల్లో ఆడపిల్లలకు ఏమైంది?

క్లబ్బు లేని గ్రామాల్లో చిన్న వయసు బాలికలు పురుషులతో గడిపే సమయం పెరిగింది, గర్భాలు పెరిగాయి, బడులు తెరిచాక చేరికలు 16 పాయింట్లు పడిపోయాయి. క్లబ్బులున్న గ్రామాల్లో ఈ నష్టం బాగా తగ్గింది. ఎంత మేరకు అన్నది ఇక్కడా ప్రతిని బట్టి మారుతుంది: సగం అని ఒకచోట, దాదాపు పూర్తిగా అని మరోచోట. క్లబ్బులు ఆ నెలల్లో అంతరాయాల మధ్య నడిచాయి గనుక, అనుకున్న పాఠాలన్నీ చెప్పగలిగారనుకోవడం కష్టం. అందుచేత ఫలితంలో ఎక్కువ భాగం పాఠానిది కాక చోటుదై ఉండవచ్చు. పరిశోధకుల వాదన కూడా, బాలికలకు పురుషులకు దూరంగా గడిపే సమయం దొరికిందన్నదే.

ఈ వాదనకు బలమిచ్చే సంగతి ఒకటి సర్వే పత్రాల బయట ఉంది. 2015 ఏప్రిల్‌లో బడులు తెరిచినప్పుడు, గర్భవతులైన బాలికలు మామూలు తరగతులకు రాకూడదని ప్రభుత్వం నిషేధించింది. పశ్చిమ ఆఫ్రికా దేశాల ఉమ్మడి న్యాయస్థానం 2019 డిసెంబరులో దాన్ని తప్పుపట్టింది. 2020 మార్చిలో నిషేధం ఎత్తేశారు. అంటే 2016లో సర్వే బృందం ఊళ్లకు వెళ్లిన నాటికి నిషేధం అమల్లోనే ఉంది. ఎబోలా నెలల్లో గర్భవతి అయిన బాలికకు బడి తలుపు మూసే ఉంది. క్లబ్బున్న గ్రామాల్లో ఎక్కువమంది తిరిగి బడికి ఎలా వెళ్లగలిగారో, కొంతవరకైనా దీన్నిబట్టి అర్థమవుతుంది.