అయిదు గంటల లోపుగా

ఎత్తయిన చోటు దొరకినంత మాత్రమున నగరదీపములు ఛాయాచిత్రమునకు లొంగవు. 1930ల తొలి సంవత్సరములలో అమెరికా ఛాయాచిత్రకారిణి బెరెనిస్ ఆబట్ న్యూయార్కు రాత్రిదృశ్యమును తీయదలచి, 1931లో తెరువబడిన ఎంపైర్ స్టేట్ భవనపు పై అంతస్తు నొకదానిని ఎంచుకొనెను. నెగటివుపై 15 నిమిషములు వెలుగు పడవలెను. ఆరుబయట గాలికి కెమెరా కదలును. కావున ఆమె కిటికీ లోపలనే నిలిచెను.

మరియొక చిక్కు కలదు. సాయంకాలము 5 గంటలకు గుమాస్తాలు దీపములార్పి ఇండ్లకు పోవుదురు. అంతకు ముందే చీకటి పడుటకు, సంవత్సరములో పగలు మిక్కిలి కురుచయగు డిసెంబరు దినములే తగినవి. ఆమె అందులకై వేచియుండెను.

ఆ చిత్రమును చూచినప్పుడెల్ల మేము తలచునది ఒక్కటే: అందలి వెలుగు చుక్కలలో పెక్కింటి క్రింద, ఇల్లు చేరు వేళకై ఎదురుచూచు మనుష్యులు కూర్చుండియుండిరి.