280 దగ్గర ఆగిపోయిన గుర్రాలు: ఒక డైనో షీటు, ఒక జపాన్ ఒప్పందం

పోయిన వారం గుంటూరు నుంచి ఒక తమ్ముడు నాకో ఫోటో పంపాడు. వాళ్ళ అన్నయ్య టర్బో పెట్రోల్ కారుని హైదరాబాద్‌లో డైనో మీద ఎక్కించారట, ఆ షీటు ఫోటో. అందులో పెద్ద నంబరు చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి, "అన్నా, కంపెనీ చెప్పినదానికన్నా 20 గుర్రాలు తక్కువ వచ్చాయి. మోసమేనా? బూస్ట్ పెంచేస్తే సరిపోతుందా?" అని అడిగాడు.

చెప్తా తమ్ముడూ. కానీ ముందు నిన్ను 1989లో జపాన్‌కి తీసుకెళ్ళాలి. ఎందుకంటే అక్కడ సరిగ్గా దీనికి రివర్స్ జరిగింది. కంపెనీ తక్కువ చెప్పింది, డైనో ఎక్కువ చూపించింది.

అప్పట్లో జపాన్‌లో డబ్బు బాగా ఉంది, కార్ల మోజు ఇంకా బాగా ఉంది. ఒక్కో కంపెనీ ఏడాదికేడాది పవర్ పెంచుకుంటూ పోతోంది. మరోపక్క 1988లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళ సంఖ్య 10 వేలు దాటింది. ప్రభుత్వం కన్నెర్ర చేసింది. చట్టం తెచ్చేలోపే కంపెనీలు తమలో తాము ఒక మాట అనుకున్నాయి: జపాన్‌లో అమ్మే ఏ కారుకీ 280 పీఎస్ మించి ప్రకటించకూడదు. దీన్నే ఇంగ్లిష్‌లో జెంటిల్‌మెన్స్ అగ్రిమెంట్ అంటారు. పెద్దమనుషుల ఒప్పందం! ఈ మాట వినగానే మనవాళ్ళకి 1956 గుర్తొస్తుంది, ఆ ఒప్పందం ఏమైందో కూడా గుర్తొస్తుంది. జపాన్‌ది ఎలా నడిచిందో చూద్దాం.

ఆ ఏడాదే, 1989 ఆగస్టులో, నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ వచ్చింది. ఆర్32 అంటారు. లోపల ఆర్‌బీ26 ఇంజిన్, 2,568 సీసీ, ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు. ఈ సీసీ ఎందుకంత వింతగా ఉందో తెలుసా? గ్రూప్ ఏ రేసింగ్ రూల్స్‌లో టర్బో ఉంటే ఇంజిన్ సైజుని 1.7తో గుణించి లెక్క వేసేవాళ్ళు. 2,568ని 1.7తో గుణిస్తే 4,366 వస్తుంది. 4.5 లీటర్ల క్లాసులో నీట్‌గా కూర్చుంటుంది. అంటే ఈ ఇంజిన్ పుట్టుకే రేసు కోసం. రేసు ట్రిమ్‌లో ఇదే ఇంజిన్ 500 గుర్రాలు దాటేది. 1990 నుంచి 1993 దాకా జపాన్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్‌లో 29 రేసులు జరిగితే, 29కి 29 ఈ కారే గెలిచింది.

మరి షోరూమ్ బ్రోచర్‌లో? 280 పీఎస్. ఒక్క గుర్రం ఎక్కువ లేదు.

జనం ఊరుకుంటారా? డైనో మీదకి తోలుకెళ్ళారు. డైనో అంటే ఏదో కొత్త మాయ మెషీన్ కాదు. 1821లోనే ప్రోనీ అనే ఫ్రెంచ్ ఇంజినీరు, తిరిగే ఇరుసుని చెక్క దిమ్మెలతో బిగించి, దానికో పొడుగాటి చెయ్యి కట్టి, ఆ చెయ్యి ఎంత బరువుని ఆపగలదో చూసి ఇంజిన్ బలం లెక్కగట్టాడు. బ్రేక్ హార్స్‌పవర్ అన్న మాటలో బ్రేక్ అలా వచ్చిందే. ఇప్పుడు చెక్క దిమ్మెల బదులు రోలర్లు. కారు చక్రాలు రోలర్‌ని తిప్పుతాయి, మెషీన్ టార్క్ కొలుస్తుంది, ఆర్‌పీఎం చూస్తుంది, రెండూ కలిపి పవర్ లెక్కేస్తుంది. గమనించండి, పవర్ విడిగా కొలిచింది కాదు, లెక్కగట్టింది. టార్క్‌ని కేజీ-మీటర్లలో తీసుకుని ఆర్‌పీఎంతో గుణించి 716తో భాగిస్తే పీఎస్ వస్తుంది.

ఇంకోటి. రోలర్ చూసేది చక్రాల దగ్గర బలం. బ్రోచర్ చెప్పేది ఇంజిన్ దగ్గర బలం. మధ్యలో గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, టైర్లు తలా కొంచెం తినేస్తాయి. మామూలు కారుకి 15 శాతం దాకా పోతుందని ట్యూనర్లు ఒక అంచనా వేసుకుంటారు. నాలుగు చక్రాలూ తిరిగే జీటీ-ఆర్ లాంటి వాటికి ఇంకాస్త ఎక్కువ. ఆ నష్టం కలిపి చూస్తే, కదిలించని స్టాక్ జీటీ-ఆర్‌లు కూడా 300 దాటుతున్నాయని ట్యూనర్లకి అర్థమైపోయింది.

నాకు నచ్చిన సాక్ష్యం మాత్రం డైనో కాదు, కంపెనీ బ్రోచరే. ఆర్32 టార్క్ 36 కేజీ-మీటర్లు. తర్వాత వచ్చిన ఆర్33కి 37.5. ఆర్34కి 40. మూడింటికీ 4,400 ఆర్‌పీఎం దగ్గరే. పవర్? మూడింటికీ 280. పదేళ్ళు ఇంజిన్ మెరుగవుతూనే ఉంది, పవర్ గడి మాత్రం కదల్లేదు. ఒప్పందం పవర్ గురించి, టార్క్ గురించి కాదు కదా! పెద్దమనుషులు ఎంత తెలివైనవాళ్ళో చూశారా.

పైన చెప్పిన లెక్క ఆర్32 మీద వేద్దాం. 4,400 దగ్గర 36 అంటే 221 పీఎస్. 6,800 దగ్గర 280 అంటే టార్క్ 29.5 మాత్రమే. అంటే టార్క్ గీత కిందకి దిగుతుంటే పవర్ గీత పైకి ఎక్కుతోంది. షీటులో శిఖరం ఒక్కటే చూస్తే ఈ కథ కనపడదు. రోజూ రోడ్డు మీద నువ్వు వాడేది ఆ మధ్య భాగమే, శిఖరం కాదు.

ఇక బూస్ట్. ఎగ్జాస్ట్ పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీదున్న రెండో చక్రం గాలిని ఇంజిన్‌లోకి నొక్కుతుంది. ఆ నొక్కుడే బూస్ట్. అది హద్దు దాటకుండా వేస్ట్‌గేట్ ఉంటుంది. మన చెరువుకి అలుగు లాంటిదన్నమాట. ఎక్కువైన పొగ టర్బో చక్రాన్ని తాకకుండా పక్కనుంచి పోతుంది. అలుగు తలుపు తెరిచేది కూడా బూస్ట్ ఒత్తిడే, ఒక రబ్బరు గొట్టం ద్వారా. ఆ గొట్టంలోంచి కొంచెం గాలి పక్కకి వదిలితే తలుపుకి ఒత్తిడి తక్కువ తెలుస్తుంది, ఆలస్యంగా తెరుచుకుంటుంది, బూస్ట్ పెరుగుతుంది. అలా వదిలే గాలి ఎక్కువ కాకుండా నిస్సాన్ ఆ దారిలో సన్నటి రంధ్రమున్న చిన్న ముక్క బిగించింది.

ఆ ముక్క తీసేస్తే చాలు. 0.7 బార్ దగ్గరుండే బూస్ట్ దాదాపు 1 బార్‌కి వెళ్తుంది. పైసా ఖర్చు లేదు. జీటీ-ఆర్ కొన్నవాళ్ళు మొదట చేసే పని అదే అయిపోయింది. చాలామంది అక్కడ ఆగలేదు. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ వెళ్ళారు.

అక్కడే టర్బోలు పోయాయి. ఆర్32 టర్బోలో ఎగ్జాస్ట్ వైపు చక్రం సెరామిక్‌ది. అంటే పింగాణీ జాతి. తేలిక కాబట్టి వెంటనే అందుకుంటుంది, కానీ పెళుసు. 1 బార్ దాటించి వేడి మీద పరిగెత్తిస్తే చక్రం ముక్కలవడమో, ఇరుసు నుంచి ఊడిపోవడమో జరుగుతుంది. ఈ సంగతి నిస్సాన్‌కి తెలియక కాదు. రేసు రూల్స్ కోసం 1990లో తెచ్చిన నిస్మో ఎడిషన్‌లో, మొత్తం 560 కార్లు, సెరామిక్ తీసేసి లోహపు చక్రాలు పెట్టింది. మామూలు కొనుగోలుదారు బ్రోచర్‌లో మాత్రం రెండింటికీ అదే 280. ఇంజిన్‌లో ఎంత ఉందో చెప్పని నంబరు, టర్బో ఎంతవరకు ఆగుతుందో కూడా చెప్పలేదు. నాకు ఈ కథలో కోపం తెప్పించేది ఇదే.

2004లో ఒప్పందం ముగిసింది. ఆ ఏడాది హోండా లెజెండ్ 300 పీఎస్ అని బాహాటంగా ప్రకటించింది. స్పోర్ట్స్ కారు కూడా కాదు, పెద్దమనుషులు తిరిగే సెడాన్!

సరే తమ్ముడూ, నీ షీటు. అందులో ఒక మూల "వీల్" అని రాసుంది, నువ్వు చూసుకోలేదు. అంటే అది చక్రాల నంబరు. 20 గుర్రాలు మధ్యలో తగ్గడం మామూలే, మోసం లేదు. కరెక్షన్ ఏది వాడారో కూడా అడుగు. ఎస్‌ఏఈ అనీ ఎస్‌టీడీ అనీ ఉంటాయి, ఒకే రన్‌కి రెండింటి మధ్య దాదాపు 4 శాతం తేడా వస్తుంది. ఇంకా మీవాళ్ళు మూడు రన్‌లు చేశారు, ఒక్కోదానికీ నంబరు తగ్గింది. అది మే నెల. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి 6 శాతం పల్చగా ఉంటుంది. ఇంటర్‌కూలర్ కూడా వేడెక్కిపోతే నాకింగ్ రాకుండా ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్‌ని వెనక్కి లాగుతుంది. ఆ పరిస్థితిలో బూస్ట్ పెంచితే గాలి ఇంకా వేడెక్కుతుంది, టైమింగ్ ఇంకా వెనక్కి పోతుంది. ముందు ఇంటర్‌కూలర్‌కి గాలి సరిగ్గా తగులుతోందా, పైపుల్లో లీకుందా చూపించండి. తర్వాత అదే డైనో మీద, అదే కరెక్షన్‌తో, ఉదయం పూట ఇంకోసారి ఎక్కించండి. ఈసారి షీటు మీద బూస్ట్ గీత, గాలి-పెట్రోలు నిష్పత్తి గీత కూడా వేయమని అడుగు. అవి పంపు, మళ్ళీ మాట్లాడుకుందాం.