కేతీ అమ్మగారి జాబులు ఏమైనాయి?



మార్టిన్ లూథరు గారు రాసిన ఉత్తరాలు ఈనాటికి 2,500కు పైగా మిగిలి ఉన్నాయి. వాటిలో భార్య కేథరీనాకు రాసినవి 21. ఆమె ఆయనకు రాసిన జాబుల్లో ఒక్కటి కూడా మిగల్లేదు.

ఆమె రాయలేదా అంటే, రాసింది. ఆయన జవాబులే దానికి సాక్ష్యం.

1523లో మఠం విడిచి వచ్చిన సన్యాసిని ఆమె. 1525లో పెండ్లి. విట్టెన్‌బర్గులోని ఆ పెద్ద ఇంట్లో పిల్లలు, విద్యార్థులు, అతిథులు, రోగులు. అందరికీ వండిపెట్టాలి, పందులను మేపాలి, పొలం చూసుకోవాలి, బీరు కాయాలి (మన సంఘాల్లో కొందరికి ఇది మింగుడుపడదు, కాని అక్కడ అది ఇంటి పానీయం). లూథరు గారు ఉత్తరం పైన ఆమెను డాక్టరమ్మ అనీ, పందుల సంత యజమానురాలు అనీ సరదాగా సంబోధించేవారు.

1546 ఫిబ్రవరిలో ఆయన ఐస్లెబెన్‌లో ఉన్నారు. ఒంట్లో బాగులేదు, చలికాలం. ఇంటి దగ్గర ఈమెకు నిద్ర లేదు, దిగులుపడుతూ జాబులు పంపింది. ఆయన ఎగతాళిగా జవాబిచ్చారు: నువ్వు మా కోసం చింతించడం మొదలుపెట్టాకే మా బస తలుపు దగ్గర నిప్పంటుకుంది, మరుగుదొడ్డిలో దిండంత రాయి నా తల మీద పడబోయింది, నీ చింత ఆపకపోతే భూమి కూడా మింగేస్తుందేమో అని. 55వ కీర్తన గుర్తుచేసి, భారం ప్రభువు మీద వేయమన్నారు.

ఆ నెల 18న ఆయన ప్రభువునందు నిద్రించారు. ఆమె దిగులు పిచ్చి దిగులేమీ కాదు. ఈ మాట ఎందుకో ప్రసంగాల్లో ఎవరమూ చెప్పం. ఆయన హాస్యం చెప్పి నవ్విస్తాం, అక్కడితో ఆపేస్తాం. నేనూ అలాగే చేశాను.

లూథరు గారి చివరి గడియలో దగ్గరున్న ఆరిఫాబర్, తరువాత ఆయన జాబులు సేకరించి 1556లో ఒక సంపుటం అచ్చువేయించాడు. ఇంటావిడ జాబులను అలా ఏరి దాచినవారు లేరు. పందుల ధర, పిల్లల జ్వరం, ఖర్చుల సంగతి ఉన్న కాగితాన్ని వేదాంతమని ఎవరనుకుంటారు?

ఆమె పేరున మిగిలిన కొద్ది ఉత్తరాల్లో ఎక్కువ భాగం విధవరాలిగా ఆస్తి, డబ్బు, సహాయం కోసం చేసిన మనవులే. భర్త సర్వం ఆమెకే రాసిన వీలునామాను సాక్సనీ చట్టం ఒప్పుకోలేదు. భర్త పోయిన కొన్ని వారాలకు వదినగారికి పంపిన ఒక ఉత్తరంలో మాత్రం తిండి, నిద్ర లేవని తన దుఃఖం చెప్పుకుంది. 1552లో తెగులుకు భయపడి పిల్లలతో విట్టెన్‌బర్గు విడిచి వెళుతుండగా బండి ప్రమాదంలో గాయపడి, డిసెంబరు 20న టోర్గౌలో కన్నుమూసింది.

అయినా ఆమె మాట ఒకటి మనకు దొరికింది, అదీ భర్త ఉత్తరంలోనే. ఫిబ్రవరి 7 నాటి జాబులో ఆయన, యోహాను సువార్తా చిన్న ప్రశ్నోత్తరీ చదువుకోమంటూ, ఆ ప్రశ్నోత్తరి గురించి ఆమె ఒకప్పుడు అన్నది గుర్తుచేశారు. ఆ పుస్తకంలో ఉన్నదంతా తన గురించే అని ఆమె అన్నదట.