జేసన్ చదవగలిగే ఆ మనిషెవరు?

కొన్నేళ్ళ క్రితం సంగతి. అప్పట్లో నేను పనిచేసే కంపెనీలో కస్టమర్ల ఫిర్యాదులు చూడ్డానికి ఓ పేజీ ఉండేది. సర్వర్ నుంచి వచ్చిన జేసన్ వచ్చినట్టే, ఒకే పొడుగాటి వరసలో తెరమీద పడేది. ఓరోజు ఒక ఫిర్యాదు నిండా వెనక్కి వాలిన గీతలు, 'యు'లు, అంకెలు! ఏదో చెత్త డేటా అనుకుని పక్కన పడేశాను.

రెండ్రోజుల తర్వాత తెలిసింది, అది తెలుగని. తన డబ్బు రెండుసార్లు కట్ అయిందని ఒకావిడ శుభ్రంగా తెలుగులో రాసుకుంది. తెలుగు బ్లాగరునని చెప్పుకు తిరిగే నేనే దాన్ని చెత్త అన్నాను.

మనుషులు సులువుగా చదవగలరని పేరున్న జేసన్‌కి ఈ గతెందుకు పట్టింది? దీనికి కాస్త చరిత్ర ఉంది.

2001 ఏప్రిల్‌లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్, చిప్ మార్నింగ్‌స్టార్ కలిసి, పేజీ మొత్తం మళ్ళీ తెప్పించకుండా బ్రౌజరుకి డేటా పంపే దారి వెతికారు. జావాస్క్రిప్ట్‌లో ఆబ్జెక్టులు రాసే పద్ధతినే డేటాకి వాడేశారు. మొదటి సందేశమే బోల్తా కొట్టింది :) అందులో 'డూ' అనే పేరుంది, అది జావాస్క్రిప్ట్ సొంతానికి అట్టేపెట్టుకున్న మాట. పేర్లన్నిటికీ కొటేషన్లు పెట్టాలన్న నియమం అలా వచ్చిందే.

2006 జులైలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4627 ప్రకారం బ్రాకెట్లు, కామాల చుట్టూ ఎన్ని ఖాళీలున్నా, ఎన్ని కొత్త లైన్లున్నా అర్థం మారదు. యంత్రానికి అక్కర్లేదు కదా, బైట్లు మిగుల్తాయని ప్రోగ్రాములు వాటిని తీసేయడం మామూలైంది. పోనీ ఖాళీలతోనే పంపినా, ప్రీ ట్యాగు పెట్టకపోతే హెచ్‌టీఎమ్ఎల్ వాటన్నిటినీ ఒక్క ఖాళీగా కుదించేస్తుంది. 2009 డిసెంబరులో ఎక్మాస్క్రిప్ట్ 5 వచ్చాక గానీ, మెట్లుమెట్లుగా జరిపి రాసే సౌకర్యం జావాస్క్రిప్ట్ భాషలో భాగం కాలేదు. జేసన్ డాట్ స్ట్రింగిఫైకి మూడో ఆర్గ్యుమెంటుగా 2 ఇస్తే చాలు.

ఇక మన లిపి సంగతి. జేసన్‌లో తెలుగుని నేరుగా రాయడానికి మొదట్నుంచీ అడ్డు లేదు. కానీ దార్లో ఎవరైనా ఎన్‌కోడింగ్ పాడుచేస్తారన్న భయంతో కొన్ని లైబ్రరీలు ఇంగ్లీషు కాని ప్రతి అక్షరాన్నీ కోడుగా మార్చేస్తాయి. 'తెలుగు' అన్న మాటే చూడండి. కంటికి మూడక్షరాలు, యూనికోడ్‌లో గుణింతాలతో కలిపి ఆరు, ఆ కోడులో 36! పీహెచ్‌పీలో ఈ మార్పిడి వద్దని చెప్పే వీలు 2012లో, 5.4తో వచ్చింది. పైథాన్‌లో అయితే ఇవాళ్టికీ మనం వద్దని చెప్పకపోతే మార్చేస్తుంది.

ఆ పేజీని బాగుచెయ్యడానికి నాకు పట్టింది పావుగంట. వచ్చిన జేసన్‌ని పార్స్ చేసి, రెండేసి ఖాళీలతో స్ట్రింగిఫై చేసి, ప్రీ ట్యాగులో టెక్స్ట్‌కంటెంట్‌గా పెట్టాను. ఇన్నర్‌హెచ్‌టీఎమ్ఎల్‌గా పెడితే ఫిర్యాదులో ఎవరైనా దూర్చిన స్క్రిప్టు మన బ్రౌజర్లో నడిచే ప్రమాదముంది. పార్స్ చేసేటప్పుడే కోడులు మళ్ళీ అక్షరాలైపోతాయి. కాబట్టి వరసలూ కుదిరాయి, తెలుగూ కనబడింది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. 9007199254740993 లాంటి పెద్ద అంకె ఈ దార్లో వెళ్తే చివరి 3 కాస్తా 2 అవుతుంది, జావాస్క్రిప్ట్ అంకెలకి అంత ఓపిక లేదు. అలాంటి నంబర్లని కొటేషన్లలో పంపించుకోవాలి.

పావుగంట పని. అదీ ఆవిడ రెండ్రోజులు ఎదురుచూశాక చేశాను. 'మనిషి చదవగలిగేది' అని మనం అంటున్నప్పుడు మన మనసులో ఉన్న ఆ మనిషి ఇంగ్లీషులోనే రాస్తాడని ముందే అనుకున్నాం. ఆ తప్పు జేసన్‌ది కాదండీ, నాది.