కరువు నుంచి వైట్‌హౌస్ దాకా: కెనెడీల నాలుగు తరాలు

వలసల మీద ప్రశ్న వస్తే మనం కారణాలు, ఫలితాలు రాసి ఆపేస్తాం. వలస వెళ్లినవాళ్లు అక్కడ అధికారంలోకి ఎలా వచ్చారో రాయం. దానికి కెనెడీ కుటుంబం మంచి కేస్ స్టడీ.

1845లో ఐర్లాండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. 1852 నాటికి సుమారు 10 లక్షల మంది ఆకలితో, రోగాలతో చనిపోయారు. లక్షల మంది ఓడలెక్కారు. వారిలో వెక్స్‌ఫర్డ్ కౌంటీ రైతుబిడ్డ ప్యాట్రిక్ కెనెడీ ఒకడు. బోస్టన్‌లో చెక్క పీపాలు చేసి బతికాడు. 1858లో చనిపోతే, భార్య బ్రిడ్జెట్ చిన్న దుకాణం నడిపి పిల్లల్ని పెంచింది.

అప్పటి వాతావరణం వాళ్లకు అనుకూలంగా లేదు. 1854లో క్యాథలిక్ వలసదారులను వ్యతిరేకించే ‘నో నథింగ్’ పార్టీ మసాచుసెట్స్ ఎన్నికలను ఊడ్చేసింది. 1857లో ఆ రాష్ట్రం ఓటుకు అక్షరాస్యత షరతు పెట్టింది.

అయినా ఐరిష్ వాళ్లు ఒకే వార్డుల్లో గుంపుగా ఉండటం వల్ల వాళ్ల ఓటుకు బలం వచ్చింది. బ్రిడ్జెట్ కొడుకు పి.జె. కెనెడీ బార్ పెట్టాడు. ఉద్యోగం కావాలన్నా, అప్పు కావాలన్నా వార్డు జనం ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆ పలుకుబడితోనే 1880ల్లో రాష్ట్ర శాసనసభకు వెళ్లాడు. దీన్నే ‘మెషీన్ పాలిటిక్స్’ అంటారు. ఇందులో సేవా ఉంది, అవినీతికి దారీ ఉంది. జవాబులో రెండూ రాయాలి.

ఆయన వియ్యంకుడు జాన్ ఫిట్జ్‌గెరాల్డ్ బోస్టన్ మేయర్. 1916లో సెనేట్‌కు పోటీచేసి, పాత సంపన్న కుటుంబానికి చెందిన హెన్రీ క్యాబట్ లాడ్జ్ చేతిలో ఓడాడు. 1952లో ఈయన మనవడు జాన్ ఎఫ్. కెనెడీ ఆ లాడ్జ్ మనవడినే ఓడించాడు. మధ్య తరం జోసెఫ్ 1934లో ఎస్‌ఈసీకి (మన సెబీ లాంటిది) తొలి ఛైర్మన్, 1938లో బ్రిటన్‌కు రాయబారి. 1928లో క్యాథలిక్ అభ్యర్థి ఆల్ స్మిత్‌కు అందని అధ్యక్ష పదవి 1960లో కెనెడీకి దక్కింది.

దీన్ని కష్టపడితే ఎవరైనా ఎదగొచ్చనే కథగా చదివితే సగమే అర్థమవుతుంది. 1790 చట్టం ప్రకారం విదేశీయుల్లో ‘శ్వేతజాతి స్వేచ్ఛాయుతులకే’ పౌరసత్వం. ఐరిష్ వాళ్లను ఎంత ఈసడించినా ఆ గీతకు లోపలే ఉంచారు. కాబట్టి ఓటు వచ్చింది. భారతీయుడైన భగత్ సింగ్ థింద్‌ను మాత్రం 1923లో సుప్రీంకోర్టు ఆ గీత బయటే నిలబెట్టింది.

దేశాలవారీ కోటాలను రద్దుచేసిన 1965 వలస చట్టాన్ని సెనేట్‌లో నడిపించింది కెనెడీ తమ్ముడు ఎడ్వర్డ్. మన ఊళ్ల నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో అమెరికా వెళ్లింది ఆ చట్టం తర్వాతే. నా బ్యాచ్‌మేట్స్ కొందరు ఇప్పుడు అక్కడే ఉన్నారు. వలస వచ్చినవాడికి పని ఎక్కడైనా దొరుకుతుంది. ఓటు ఎప్పుడు దొరుకుతుందన్నదాన్ని బట్టే అతని పిల్లల స్థానం తేలుతుంది.