ఆకు పేరు పెట్టుకున్న మాత్ర

మొన్న మా మేనకోడలు వచ్చింది. దానికిప్పుడు మూడో నెల. సంచీలోంచి మాత్రల అట్ట తీసి నా చేతిలో పెట్టి, "అత్తా, ఐరన్ అంటే ఇనుమని తెలుసు. ఈ ఫోలిక్ ఆసిడ్ ఏమిటి?" అంది. నాకు పేర్ల పిచ్చి ఉందని ఇంటిల్లిపాదికీ తెలుసు లెండి.

ఫోలియం అంటే లాటిన్‌లో ఆకు. ఏ ఆకో కాదు, మనం పప్పులో వేసుకునే పాలకూర! 1941లో అమెరికాలో, టెక్సస్ విశ్వవిద్యాలయంలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే ముగ్గురు నాలుగు టన్నుల పాలకూర తెచ్చుకు కూర్చున్నారు. అంత కూరనీ శుద్ధి చేయగా చేయగా చివరికి దక్కింది కాస్తంత పదార్థం. ఆకులోంచి వచ్చింది గనుక ఫోలిక్ ఆసిడ్ అన్నారు.

నామకరణం అమెరికాలో జరిగింది గాని, పురుడు పోసుకున్నది మాత్రం పదేళ్ల ముందు మన బొంబాయిలో. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ అక్కడికి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు గర్భిణులుగా ఉండగా పాలిపోయి, ఆయాసపడి, కొందరు ప్రాణాలే పోగొట్టుకునేవారు. మన పాతవైద్యులు పాండురోగం అన్నారే, ఆ పాలిపోవడమే. ఇంగ్లీషులో అనీమియా. గ్రీకులో దాని అర్థం 'నెత్తురు లేకపోవడం'. నిజానికి నెత్తురు లేకపోవడం కాదు, అందులోని ఎర్రకణాలు సరిగా తయారు కాకపోవడం.

విల్స్ వాళ్ల రక్తం చూసింది, ఏం తింటున్నారో కూడా చూసింది. నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది అక్కడే. లోటు తిండిలో ఉందని అనుమానించి, కోతులకు అలాంటి తిండే పెట్టి పరీక్షించింది. ఈస్టుతో చేసే మార్మైట్ అనే చవక పదార్థం పెడితే కోతులూ కోలుకున్నాయి, గర్భిణులూ కోలుకున్నారు. ఆ సంగతి 1931లో అచ్చయింది. ఈస్టులో ఉన్నదేమిటో ఎవరికీ తెలియదు కనక కొన్నాళ్లు దాన్ని 'విల్స్ ఫాక్టర్' అన్నారు.

ఆ తరవాత చూడాలి తమాషా! మన ఇళ్లల్లో ఒకే పిల్లను అమ్మమ్మ ఒక పేరుతో, నాయనమ్మ ఒక పేరుతో పిలవరూ? అలా అయింది. కోతులకు పనిచేసిందని ఒకరు విటమిన్ ఎం అన్నారు. ఎం అంటే మంకీ! కోడిపిల్లలతో పరీక్షించినవారు విటమిన్ బిసి అన్నారు. సి అంటే చిక్. అందరూ వెతుకుతున్నది ఒక్కదాన్నే.

దాన్ని శుద్ధంగా రాబట్టి, ప్రయోగశాలలోనే తయారుచేసే మార్గం 1945లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో దొరికింది. అక్కడ పరిశోధనకు పెద్ద మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టనివ్వని జబ్బది, మనవాళ్లు గ్రహణి అనేవారు. ఆయనా దాని బారిన పడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో గట్టెక్కారు. ఫోలిక్ ఆసిడ్ ఆ స్ప్రూకీ పనికొచ్చింది. ఆ సంగతి తెలిసినప్పుడు ఆయన మనసులో ఏమనుకున్నారో! 1948లో ఆయనా వెళ్లిపోయారు.

దానికి రసాయన శాస్త్రం పెట్టిన పేరు ఇంకా పొడుగు: టెరాయిల్ గ్లుటామిక్ ఆసిడ్. గ్రీకులో టెరాన్ అంటే రెక్క. ఆ జాతి పదార్థాలు మొదట కనిపించింది సీతాకోకచిలుకల రెక్కల రంగులో! గ్లుటామిక్‌లో ఉన్నది గోధుమ జిగురు. చపాతీ పిండిని నీళ్లలో కడిగితే చివరికి సాగుతూ మిగులుతుందే, ఆ గ్లూటెన్. ఆకూ, రెక్కా, గోధుమపిండీ... ఇంతా కలిసి ఒక మాత్ర.

ఇదంతా చెబుతుంటే నాకు మా అమ్మమ్మ చెల్లెలు గుర్తొచ్చింది. నలభైల్లో మూడో కాన్పుకు ముందు కాగితంలా పాలిపోయి పోయిందట. 'ఒంట్లో నెత్తురు లేదు' అన్నారట, అంతే. ఆవిడకి లోటు ఇదో, ఇనుమో, రెండూనో. బొంబాయిలో సంగతి తెలిసి అప్పటికి పదేళ్లు దాటింది. మా ఊరికి మాత్రం రాలేదు.

"అయితే నేను ఆలస్యం చేశానా?" అంది మేనకోడలు, భయంగా. దానికి డాక్టరు పెళ్లయిన కొత్తలోనే ఈ మాత్ర రాసింది, అదృష్టం. బిడ్డ వెన్నుపాము గొట్టంలా మూసుకోవడం నాలుగు వారాలలోపే అయిపోతుంది. చాలామందికి నెల తప్పిన సంగతి అప్పటికింకా తేలనే తేలదు. ముందునుంచే ఫోలిక్ ఆసిడ్ తీసుకుంటే ఆ లోపాలు చాలావరకు తగ్గుతాయని 1991లో పెద్ద పరీక్షతో రుజువైంది.

"మరి చెల్లికి పెళ్లి కుదిరింది కదా అత్తా?" అంది. మా వదినకి ఆ సాయంత్రమే ఫోను చేశాను, పిల్లను ఓసారి డాక్టరు దగ్గరకి తీసుకెళ్లమని. "ముహూర్తమే ఇంకా పెట్టలేదే, అప్పుడే మాత్రలా?" అని నవ్వింది వదిన.