సవరం ముడి, కెరాటిన్ అతుకు

సొంత జుట్టు పొట్టిగా గానీ పలుచగా గానీ ఉన్నప్పుడు జడకు పొడవూ లావూ కల్పించడానికి, వేరే వెంట్రుకలను కుదురు దగ్గర దారంతో బిగించి కట్టిన పాయను తెలుగునాట సవరం అంటారు. పెళ్లికూతురి పూలజడకు, నాట్యకత్తె జడకుచ్చులకు ఆధారంగా నిలిచింది చాలాసార్లు ఈ సవరమే. ఇప్పుడు సెలూన్లలో కెరాటిన్ అతుకులతో తగిలించే హెయిర్ ఎక్స్‌టెన్షన్లు చేసే పని కూడా ప్రధానంగా అదే అయినా, రెండింటి సంరక్షణకు పొంతన లేదు. ఈ తేడాకు కారణం వెంట్రుకలో కంటే దాన్ని తలకు కలిపే పద్ధతిలో ఎక్కువగా ఉన్నదని ఈ రెండింటి చరిత్రను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

సవరానికి ముడిసరుకు చాలావరకు దువ్వెనకు వచ్చిన జుట్టే. దువ్వుకున్నాక ఊడిన వెంట్రుకలను వేలికి చుట్టి, ఉండ చేసి, చూరులోనో గోడ సందులోనో దోపి ఉంచడం, చిక్కు వెంట్రుకలు కొనేవాళ్లు వీధిలోకి వచ్చినప్పుడు వాటిని ఇచ్చి పిన్నులో, రిబ్బన్లో, తరువాతి కాలంలో స్టీలు గిన్నెలో పుచ్చుకోవడం పల్లెల్లో మొన్నమొన్నటి దాకా సాగిన వ్యవహారం. ఇలా చేరిన జుట్టులో ఏది కుదురో, ఏది కొసో తెలియదు. వెంట్రుక పైపొర, పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగా, ఒకదాని మీద ఒకటి వాలిన సన్నని పొలుసులతో ఏర్పడి ఉంటుంది. ఆ పొలుసులన్నీ కుదురు నుంచి కొస వైపుకే వాలి ఉంటాయి కనుక, తలకిందులైన వెంట్రుకలు కలిసిన పాయలో అవి ఒకదానికొకటి ఎదురుపడి పట్టుకుని చిక్కుపడతాయి. ఈ శాస్త్రం ఎవరూ చెప్పకపోయినా ఇళ్లలో దానికి విరుగుడు తెలుసు. పడుకునే ముందు సవరాన్ని విప్పి మేకుకు తగిలించేవారు, అప్పుడప్పుడు కుంకుడు రసంతో విడిగా ఉతికి నీడన ఆరవేసేవారు, కొబ్బరినూనె రాసి కొసల నుంచి మొదలుపెట్టి పైకి దువ్వేవారు. నూనె పొలుసుల మధ్య రాపిడిని తగ్గిస్తుంది. సవరం విడిగా చేతికి వచ్చే వస్తువు కాబట్టి ఈ సేవ ఏదీ తలకు ఇబ్బంది కలిగించేది కాదు.

అతికించే పద్ధతి కొత్తదేమీ కాదు. ప్రాచీన ఈజిప్టు విగ్గుల్లో పాయలను తేనెమైనం, చెట్టు బంక కలిపి నిలబెట్టేవారు. అమర్నా శ్మశానంలో దాదాపు 3,300 ఏళ్లనాటి ఒక స్త్రీ తలకు సుమారు 70 అదనపు పాయలు జోడించి ఉన్నట్లు పురాతత్త్వవేత్తలు 2014లో వెల్లడించారు. ఆధునిక కాలంలో, అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరానికి చెందిన క్రిస్టినా జెంకిన్స్ సొంత జుట్టును అల్లి, ఆ అల్లిక మీద వేరే జుట్టును కుట్టే పద్ధతికి 1950ల తొలినాళ్లలో పేటెంటు పొందింది. సహజ ప్రోటీను పేరుతో అమ్మే కెరాటిన్ బిళ్లను వేడిచేసి, పాతిక ముప్పై వెంట్రుకల చొప్పున సొంత జుట్టుకు అతికించడం 20వ శతాబ్దపు చివరి దశకంలో ఐరోపా సెలూన్ల నుంచి వ్యాపించింది.

ఈ పద్ధతికి కావలసిన సరుకు చిక్కు వెంట్రుక కాదు, కుదుళ్లన్నీ ఒకే వైపున ఉన్న జుట్టు. వ్యాపారంలో దాన్ని రెమీ అంటారు. తిరుమల కల్యాణకట్టలో పొడవైన జుట్టును ముందే కట్టగా బిగించి తలనీలాలు తీయడం వల్ల కుదురూ కొసా తారుమారు కావు. ఒక మొక్కు తీర్చే తీరులోని ఈ చిన్న జాగ్రత్తే అంతర్జాతీయ విపణిలో ఆ జుట్టుకు విలువ తెచ్చిందనడం అతిశయోక్తి కాదు. దేవస్థానం దాన్ని పొడవును బట్టి రకాలుగా విడదీసి, తెల్లజుట్టును వేరుచేసి వేలం వేస్తుంది. కొన్నవారు దాన్ని ఇనుప మేకుల దువ్వెన గుండా గుత్తులు గుత్తులుగా లాగి, పొట్టి వెంట్రుకలను ఏరివేసి ఎగుమతికి సిద్ధం చేస్తారు. 2004లో జెరూసలేం మతాచార్యుడు యోసెఫ్ షాలోం ఎల్యాషివ్, ఈ జుట్టు విగ్రహారాధనతో ముడిపడినదని నిర్ణయించడంతో, వివాహిత యూదు స్త్రీలు ధరించే విగ్గులు న్యూయార్కులో నడివీధిలో మంటలపాలయ్యాయి. ఆ నిర్ణయానికి ముందు లండన్ నుంచి ఒక మతపండితుడు తిరుమలకు వచ్చి క్షౌరాన్ని పరిశీలించి వెళ్లాడు. తలనీలాలు గర్భగుడిలోకి వెళ్లవన్నది నిజమే గాని, క్షౌరమే అర్పణ అవుతుందా అన్నది వారి ప్రశ్న. ఆ ప్రశ్నను తేలికగా కొట్టిపారేయడానికి వీల్లేదు.

చిక్కు వెంట్రుకల వ్యాపారమూ ఆగలేదు. కర్ణాటకలోని కొప్పళ ప్రాంతంలో, ఇతర చోట్ల ఆ ఉండలను స్త్రీలు చేతులతోనే విడదీస్తారు. అలాంటి జుట్టును ఆమ్లంలో ముంచి పొలుసులను తొలగించి, సిలికాన్ పూత పూస్తే కొత్తలో పట్టులా మెరుస్తుంది. తలస్నానాలతో పూత కరిగిపోయాక అది కళ తప్పి ముద్ద కడుతుంది. ఇంటి జాగ్రత్త ఎంత తీసుకున్నా నిలవని ఎక్స్‌టెన్షన్ల వెనుక చాలాసార్లు ఉన్నది ఈ సంగతే.

కెరాటిన్ అతుకు ఉన్న తలకు సవరం నేర్పిన అలవాట్లలో ఒకటి అక్కరకు వస్తుంది, ఒకటి హాని చేస్తుంది. కొసల నుంచి పైకి, కుదురు దగ్గర చేత్తో పట్టుకుని దువ్వడం ఇప్పటికీ సరైనదే. నూనె మాత్రం అతుకుకు శత్రువు: మాడుకు పట్టించిన నూనె, అక్కడిదాకా రాసిన కండిషనర్ బిళ్లను మెత్తబరచి జారవిడుస్తాయి. అందువల్ల నూనెగానీ కండిషనర్‌గానీ చెవుల కిందికే పరిమితం కావాలి. అతికించిన మొదటి రెండు రోజులు తల తడపరాదు. తరువాత కూడా తలను ముందుకు వంచి కాక, నిలబడి నీరు కిందికి జారేలా స్నానం చేయాలి. తడి జుట్టుతో పడుకోకుండా, వదులుగా జడ వేసుకోవాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది, తరచు మరచిపోయేది, బిళ్లలను రోజూ వేళ్లతో ఒకదాని నుంచి ఒకటి విడదీయడం. మనిషి తల నుంచి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు సహజంగానే రాలుతాయి. అతుకులో ఇరుక్కున్నవి కిందపడలేక అక్కడే వేలాడి, పక్క బిళ్లల వాటితో పెనవేసుకుని అట్టకడతాయి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది గనుక, మూడు నాలుగు నెలలకు బిళ్ల మాడుకు దూరమై, మొత్తం బరువు కొద్దిపాటి వెంట్రుకల మీద వేలాడుతుంది. ఆ తరువాత కూడా ఉంచుకుంటే కుదుళ్లు లాగుడుకు దెబ్బతిని, నుదుటి అంచున జుట్టు పలుచబడుతుంది. గడువు తీరాక సెలూన్‌లో ఆల్కహాలు కలిసిన ద్రవంతో బిళ్లను తడిపి, పట్టకారుతో నొక్కి పొడిచేసి, పాయను కిందికి జారుస్తారు. అప్పుడు దువ్వెనకు వచ్చే గుప్పెడు జుట్టును చూసి చాలామంది బెదిరిపోతారు. అందులో అధిక భాగం ఆనాడు ఊడినది కాదు, అన్ని నెలలుగా రాలుతూ అతుకుల్లో చిక్కుకుని ఉండిపోయినది.